సంక్రాంతికి చెన్నై ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్) బీచ్ ట్రిప్: పిల్లలు, పెద్దవాళ్ళతో ఎక్కడ నీళ్ళలో దిగొచ్చు?

పెరంబూరు_పద్మజ
అందరికీ నమస్కారం. పండక్కి ఒంగోలు నుంచి అత్తయ్య, మామయ్య, ఆడపడుచు వాళ్ళు వస్తున్నారు. పెద్దవాళ్ళం ఆరుగురం, పిల్లలు ముగ్గురు (5, 8, 13 ఏళ్ళు). మామయ్యకి మోకాళ్ళ నొప్పులు, ఎక్కువ దూరం నడవలేరు. ముక్కనుమ రోజు పొద్దున్నే మెరీనా, అక్కడి నుంచి ఈసీఆర్ మీద మహాబలిపురం, రాత్రి అక్కడే బస అనుకుంటున్నాం. ఎవ్వరికీ ఈత రాదు. పిల్లలేమో నీళ్ళు చూస్తే ఆగరు. ఎక్కడ దింపొచ్చు, ఏం పట్టుకెళ్ళాలి చెప్పగలరు.

సూళ్ళూరుపేట_లోకల్
ముందు తేదీ మార్చండి పద్మజ గారూ. మన ముక్కనుమే ఇక్కడ కాణుం పొంగల్. ఊరు ఊరంతా బీచ్‌కే వస్తుంది. మెరీనాలో నీళ్ళకి అడ్డంగా పోలీసులు కట్టెలు కట్టేస్తారు, ఎవర్నీ దిగనివ్వరు. మెరీనా పక్క రోడ్డు కామరాజర్ సాలైలో ట్రాఫిక్ మళ్ళిస్తారు. మహాబలిపురంలో కారు పెట్టడానికి చోటు దొరకడం కూడా కష్టం. ఒక రోజు తర్వాతకి జరపండి, అదీ శని, ఆదివారం కాకుండా చూసుకోండి.

ఆ రోజే వెళ్ళక తప్పకపోతే, పిల్లల చేతికి ఫోన్ నంబరు రాసిన పట్టీలు పోలీసులే కడతారు, అడిగి కట్టించుకోండి. మామూలు రోజుల్లో కూడా ఇంట్లోనే బాల్‌పెన్నుతో పిల్లల మోచేతి లోపలి వైపు రెండు నంబర్లు రాసి, పైన పారదర్శకమైన టేపు అతికిస్తే తడిసినా చెరగదు. ఒకటి మీది, రెండోది ఆ రోజు ఇంట్లోనే ఉండేవాళ్ళది. గుంపులో ఫోన్లు కలవవు కాబట్టి రెండోది ముఖ్యం.

ఉప్పుగాలి
పిల్లల్ని దింపడానికైతే మెరీనాని లిస్టులోంచి తీసెయ్యండి. చూడ్డానికి వెళ్ళండి, సూర్యోదయం బాగుంటుంది (జనవరి మధ్యలో సుమారు 6:35కి), కాళ్ళు కూడా తడపకుండా వచ్చెయ్యండి.

కారణం చెప్తాను. మెరీనా ఇసుకంతా హార్బర్ పుణ్యం. ఏడాదిలో ఎక్కువ నెలలు ఇక్కడ ఇసుక తీరం వెంబడి దక్షిణం నుంచి ఉత్తరానికి జరుగుతుంది. 19వ శతాబ్దం చివర్లో హార్బర్ గోడలు కట్టాక ఆ ఇసుక దక్షిణం వైపు ఆగి పేరుకుంది. అందాల్సిన ఇసుక అందక ఉత్తరాన రాయపురం వైపు ఒడ్డు కోసుకుపోయింది, అందుకే అటు బండరాళ్ళ గట్లు వేశారు. పేరుకున్న ఇసుక పైన చదునుగా ఉన్నా, నీళ్ళు తగిలే చోట ఒక్కసారిగా వాలిపోతుంది. వాలు ఎక్కువైతే అల దూరంగా విరగదు, సరిగ్గా మీ కాళ్ళ దగ్గరే విరుగుతుంది. విరిగిన నీళ్ళు అదే వాలులో వేగంగా వెనక్కి లాగుతాయి, పాదాల కింద ఇసుకని కూడా తీసుకెళ్తాయి. మనిషి పడేది అక్కడే. లేచేలోపు రెండో అల వస్తుంది, రెండడుగులు అవతల మనిషి లోతు.

స్నానం నిషేధం అని బోర్డులు పెట్టింది ఇందుకే. మెరీనా ఉత్తరం కొసన కూవం నది మొగ (సముద్రంలో కలిసే చోటు), దక్షిణాన పట్టినపాక్కం దాటాక అడయారు మొగ. వాన పడ్డాక రెండు మూడు రోజులు ఆ నీళ్ళ సంగతి చెప్పక్కర్లేదు. ఊళ్ళో మురుగంతా అటే వస్తుంది.

వేపంబట్టు_వాసు
అంత భయపెట్టాలా బ్రో? మోకాళ్ళ లోతులో నిలబడి ఫొటో దిగితే ఏమవుతుంది? వేలమంది దిగుతూనే ఉన్నారు కదా.

ఉప్పుగాలి
వాసు గారూ, మోకాళ్ళ లోతు అనేది రెండు అలల మధ్య కొలత. అల వచ్చినప్పుడు అదే చోట నడుము దాటుతుంది. ఘనపు మీటరు నీళ్ళు టన్ను బరువు. నడుముకి తగిలే అల పెద్ద మగవాణ్ణి కూడా పక్కకి నెట్టేస్తుంది, అయిదేళ్ళ పిల్ల సంగతి వేరే చెప్పాలా. పైగా ఫొటో కోసం సముద్రానికి వీపు పెట్టి నిలబడతారు. వీపు మాత్రం ఎప్పుడూ పెట్టకండి, ఇది నిక్కచ్చిగా పాటించండి. బయటికి వచ్చేటప్పుడు కూడా పక్కకి తిరిగి, ఒక కన్ను అల మీద ఉంచి నడవాలి.

అలలబడి
దిగడానికి చోటు కావాలంటే కోవలం. కేరళ కోవళం కాదు, మన ఈసీఆర్ మీద ముట్టుకాడు దాటాక వచ్చేది. 2021లో బ్లూ ఫ్లాగ్ (శుభ్రత, భద్రత ఉన్న బీచ్‌లకి ఇచ్చే అంతర్జాతీయ) గుర్తింపు వచ్చింది. స్నానానికి హద్దు గీసిన భాగం, లైఫ్‌గార్డులు, బట్టలు మార్చుకునే గదులు, మంచినీళ్ళ షవర్లు ఉంటాయి. పార్కింగ్‌కి డబ్బు కట్టాలి, అంతే. ఆ హద్దు లోపలే ఉండండి. రెండొందల అడుగులు పక్కకి జరిగితే పడవలు దించే చోటు, రాళ్ళు, సర్ఫింగ్ బోర్డులు. అదే బీచ్ అయినా అక్కడ లెక్క వేరు.

మహాబలిపురంలో తీర దేవాలయం పక్కన సముద్రం కోతకి అడ్డంగా వేసిన బండరాళ్ళ గట్టు ఉంది. దాని దగ్గర అస్సలు వద్దు. గట్టు, గ్రోయిన్ (ఇసుక ఆపడానికి నీళ్ళలోకి కట్టే అడ్డుగోడ), పాత కట్టడం, ఏదైనా నీళ్ళలోకి పొడుచుకొచ్చిందంటే దాని పక్కన రిప్ కరెంట్ ఉన్నట్టే లెక్క.

పెరంబూరు_పద్మజ
రిప్ కరెంట్ అంటే సుడిగుండమా? కిందకి లాగేస్తుందంటారు, అదేనా?

అలలబడి
కాదండీ. కిందకి లాగదు, లోపలికి తీసుకెళ్తుంది. తేడా తెలియకే చాలామంది పోతున్నారు.

అలలు నీళ్ళని ఒడ్డుకి తోస్తూనే ఉంటాయి. ఆ నీళ్ళు తిరిగి వెళ్ళాలి. ఇసుక దిబ్బల మధ్య ఎక్కడ పల్లం దొరికితే అక్కడ సన్నటి కాలువలా కట్టి వెళ్ళిపోతాయి. మామూలుగా సెకనుకి అర మీటరు నుంచి ఒక మీటరు వేగం, ఒక్కోసారి 2 మీటర్లు దాటుతుంది. ఈత పోటీల వాళ్ళు కూడా దానికి ఎదురీది గెలవలేరు.

ఎలా కనిపెట్టాలి: దిగేముందు కాస్త ఎత్తులో పది నిమిషాలు నిలబడి చూడండి. రెండు వైపులా తెల్లగా అలలు విరుగుతూ, మధ్యలో ఒక్క చోట విరగకుండా నల్లగా, నున్నగా ఉంటే అదే. నురగ, చెత్త, బురద రంగు నీళ్ళు లోపలికి పోతున్నా అదే. ఇక్కడే ఉంది తంటా అంతా. ఈత రానివాళ్ళ కంటికి ఆ నున్నటి చోటే ప్రశాంతంగా కనిపిస్తుంది, పిల్లల్ని తీసుకెళ్ళి సరిగ్గా అక్కడే దింపుతారు.

చిక్కుకుంటే: ఒడ్డుకి ఎదురీదొద్దు. వెల్లకిలా పడుకుని తేలండి, ఒక చెయ్యి పైకెత్తి ఊపండి. అలలు విరిగే చోటు దాటాక ఆ లాగుడు మామూలుగా తగ్గిపోతుంది. ఈత వస్తే ఒడ్డుకి సమాంతరంగా, తెల్లగా అలలు విరుగుతున్న వైపు ఈదండి, ఆ అలలే ఒడ్డుకి నెడతాయి. జనవరిలో తీరం వెంబడి ప్రవాహం మామూలుగా దక్షిణం వైపు ఉంటుంది, వేసవిలో ఉత్తరం వైపు. దానితో పాటే పోతే శ్రమ తక్కువ.

ఇంకోటి. ఆ ప్రవాహం వల్లే పిల్లలు ఆడుతూ ఆడుతూ తెలియకుండా పక్కకి జరిగిపోతారు. మీరు కూర్చున్న చోట ఎదురుగా ఒక రంగు గొడుగు పాతి, పది నిమిషాలకోసారి దాని ఎదుటికి వెనక్కి తీసుకురండి.

తాంబరం_తులసి
ఆడవాళ్ళ కోసం ఒక మాట, ఎవరూ చెప్పట్లేదు కాబట్టి. చీర కట్టుకుని నీళ్ళలో దిగొద్దు. ఆరు గజాలు తడిస్తే కాళ్ళకి చుట్టుకుంటుంది, కుచ్చిళ్ళలో ఇసుక నిండి బరువెక్కుతుంది, పడితే లేవలేరు. పొడుగు చున్నీ మెడకి చుట్టుకునే ప్రమాదం వేరే. అత్తయ్య గారు డ్రెస్సు వేసుకోనంటే నీళ్ళు తగిలే గీతకి పైనే, పొడి ఇసుకలో కుర్చీ వేసి కూర్చోబెట్టండి. పట్టీలు, వదులు ఉంగరాలు, నల్లపూసలు గదిలోనే. తడికి వేళ్ళు జారతాయి, ఇసుకలో పడ్డ ఉంగరం దొరకదు.

పిల్లల ఈత బట్టలు నారింజ, రేడియం పసుపు, ముదురు గులాబీ రంగువి కొనండి. నీలం, తెలుపు, బూడిద రంగు వద్దు, నీళ్ళలో కలిసిపోతాయి. షాపుల్లో సగానికి సగం నీలమే ఉంటాయి, ఎందుకో!

అయిదేళ్ళ పాపకి ఒక పెద్దమనిషి, చెయ్యి చాస్తే అందేంత దూరంలో. ఎనిమిదేళ్ళ వాడికి ఇంకొకరు. "అందరం చూస్తున్నాం కదా" అంటే ఎవరూ చూడట్లేదని అర్థం. అరగంటకోసారి డ్యూటీ మారండి, మారేటప్పుడు పేరు పెట్టి అప్పగించండి. డ్యూటీలో ఉన్నవాళ్ళ చేతిలో ఫోన్ ఉండకూడదు.

వేపంబట్టు_వాసు
ఆ గాలి ఊదే ట్యూబులు, బాతు బొమ్మలు బీచ్‌లోనే అమ్ముతారుగా, అవి వేస్తే సరిపోదా?

అలలబడి
వద్దు. అవి స్విమ్మింగ్ పూల్ బొమ్మలు. ఒడ్డు నుంచి లోపలికి గాలి వీస్తే, మీరు పరిగెత్తే దానికన్నా వేగంగా కొట్టుకుపోతాయి. తలకిందులైతే పిల్ల కాళ్ళు పైకి, తల నీళ్ళలో.

లైఫ్ జాకెట్ కొనేటప్పుడు లేబుల్ మీద న్యూటన్ల (తేల్చే బలం) అంకె చూడండి. 50 అంటే ఈత వచ్చినవాళ్ళకి సాయంగా ఉండేది. 100, ఆ పైవి ముఖాన్ని పైకి ఉంచేలా చేస్తాయి, ఈత రాని పిల్లలకి అదే కావాలి. పిల్ల బరువు ఏ సైజులో పడుతుందో చూడండి, పెద్ద సైజు కొంటే వచ్చే ఏడాదికి పనికొస్తుందనే లెక్క ఇక్కడ పనికిరాదు. వేసి బకిల్స్ బిగించాక భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగండి. గడ్డం, చెవులు దాటి పైకి వచ్చేస్తే వదులుగా ఉన్నట్టు. కాళ్ళ మధ్య నుంచి వచ్చే పట్టీ ఉన్నది తీసుకోండి. జాకెట్ ఉన్నా చెయ్యి అందే దూరం రూలు మారదు.

పడవ మీద షికారు కావాలంటే ముట్టుకాడులో తమిళనాడు పర్యాటక సంస్థ (టీటీడీసీ) బోట్ హౌస్ ఉంది, బ్యాక్ వాటర్ కాబట్టి అలలుండవు. బీచ్‌లో జాలరి ఫైబర్ పడవల్లో "రౌండ్ కొట్టిస్తాం" అంటారు, ఎక్కకండి. అలలు విరిగే చోట పడవ అడ్డం తిరిగితే బోల్తా పడడం క్షణాల పని.

ఎమర్జెన్సీ_వార్డు
ఎవరైనా మునుగుతుంటే చేసే తప్పుల గురించి రాస్తాను, మన దగ్గర ఇవి మరీ ఎక్కువ.

మొదటి తప్పు, ఈత రానివాళ్ళు వెంటనే దూకడం. ఒకరి కోసం వెళ్ళి ముగ్గురు పోయేది ఇలాగే. మునిగేవాడు ఏది దొరికితే దాని మీదకి ఎక్కుతాడు, అది మీ తలైనా సరే. మూత గట్టిగా బిగించిన ఖాళీ 5 లీటర్ల నీళ్ళ క్యాన్‌కి 15 మీటర్ల నైలాన్ తాడు కట్టి సంచిలో పెట్టుకోండి. ఖర్చు లేని పని. అది తేలుతుంది. అడుగున రెండు గ్లాసుల నీళ్ళు ఉంచితే గాలికి ఎగిరిపోకుండా దూరం పడుతుంది. విసిరేముందు రెండో కొస పట్టుకున్నారో లేదో చూసుకోండి.

రెండో తప్పు, ఒడ్డుకి తెచ్చాక పొట్ట నొక్కడం, కాళ్ళు పట్టి తలకిందులుగా వేలాడదీయడం, గిరగిరా తిప్పడం. సినిమాల్లో చూపించేది ఇదే, చెయ్యకూడనిదీ ఇదే. పొట్టలోది నోట్లోకి వచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతుంది, విలువైన నిమిషాలు పోతాయి.

చెయ్యాల్సింది: వెల్లకిలా పడుకోబెట్టి పిలవండి, తట్టండి. పలక్కపోయినా మామూలుగా ఊపిరి ఉంటే పక్కకి తిప్పి పడుకోబెట్టండి. ఊపిరి లేకపోతే తల వెనక్కి వంచి, గడ్డం పైకెత్తి, ముక్కు మూసి నోట్లో 5 సార్లు ఊదండి, ప్రతిసారీ ఛాతీ లేవాలి (అమెరికా పద్ధతిలో 2 సార్లు, ఏదైనా పర్వాలేదు). మునిగిన మనిషికి కరువైంది ఆక్సిజన్, అందుకే ఊదడం ముందు. తర్వాత ఛాతీ మధ్యలో 30 నొక్కులు, 2 ఊపిరులు, మళ్ళీ 30. పెద్దవాళ్ళకి 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతు, పిల్లలకి ఛాతీ మందంలో మూడోవంతు. వేగం నిమిషానికి 100 నుంచి 120. వాంతి అయితే పక్కకి తిప్పి నోరు శుభ్రం చేసి కొనసాగించండి. అంబులెన్స్ వచ్చే వరకు ఆపొద్దు.

బతికి లేచి కూర్చున్నా ఆసుపత్రికి తీసుకెళ్ళాల్సిందే. దగ్గు, ఆయాసం, మగతగా ఉండడం కొన్ని గంటల తర్వాత కూడా పెరగొచ్చు.

నంబర్లు: 108 అంబులెన్స్, 112 ఎమర్జెన్సీ, 1093 తీర భద్రత పోలీసులు, 1554 కోస్ట్ గార్డ్. ఈసీఆర్ మీద రిసార్టులు సరుగుడు తోపుల వెనక ఉంటాయి, అంబులెన్స్‌కి సందు దొరకదు. గదిలో దిగగానే లొకేషన్ పిన్ గ్రూపులో పెట్టుకోండి, ఏదైనా జరిగితే ఒకర్ని మెయిన్ రోడ్డు మీదకి పంపండి. కోవలం నుంచి కేళంబాక్కం వైపు తిరిగితే పెద్ద మెడికల్ కాలేజీ ఆసుపత్రి ఉంది. మహాబలిపురం నుంచైతే చెంగల్పట్టు ప్రభుత్వ మెడికల్ కాలేజీ కూడా దృష్టిలో పెట్టుకోండి.

సూళ్ళూరుపేట_లోకల్
జెల్లీఫిష్ కుడితే వెనిగర్ పొయ్యాలంటారు, సీసా పట్టుకెళ్ళాలా డాక్టర్ గారూ?

ఎమర్జెన్సీ_వార్డు
అన్నిటికీ కాదు. ఇక్కడ ఒడ్డుకి కొట్టుకొచ్చే వాటిలో నీలం రంగు గాలి తిత్తి, దారాల్లాంటి తోకలు ఉన్నది బ్లూ బాటిల్. దానికి వెనిగర్ పోస్తే మంట ఇంకా పెరగొచ్చు. బాక్స్ జెల్లీఫిష్ రకానికి వెనిగర్ పనిచేస్తుంది, కానీ ఏది కుట్టిందో చూసినవాళ్ళెవరు?

సముద్రపు నీళ్ళతోనే కడగండి, మంచినీళ్ళతో వద్దు, దాంతో మిగిలిన ముళ్ళు విషం వదులుతాయి. ఇసుకతో రుద్దొద్దు. అంటుకున్న దారాల్ని ప్లాస్టిక్ కార్డు అంచుతోనో, పట్టకారుతోనో తీసెయ్యండి. తర్వాత చర్మం తట్టుకునేంత వేడి నీళ్ళు, సుమారు 45 డిగ్రీలు, 20 నిమిషాలు. ముందు మీ చెయ్యి పెట్టి చూసుకోండి, పిల్లలకి కాలకుండా. ఫ్లాస్కులో వేడినీళ్ళు, ఒక చెంబు ఉంటే చాలు. టేకు చేప (స్టింగ్ రే) ముల్లు గుచ్చుకున్నా ఇదే వైద్యం, కాకపోతే ఎక్కువసేపు, ముల్లు లోపలుంటే లాగకుండా ఆసుపత్రికి. మూత్రం పొయ్యడం అనేది ఒట్టి పుకారు.

ఊపిరి ఆడకపోవడం, ఛాతీ నొప్పి, ముఖం వాపు ఉంటే వెంటనే 108. ఒడ్డున పడి ఎండినట్టున్నవి కూడా కుడతాయి, పిల్లల్ని కర్రతో కూడా పొడవనివ్వకండి.

ఉప్పుగాలి
తిథి సంగతి కూడా చూసుకోండి. అమావాస్య, పౌర్ణమికి ఆటుపోట్ల తేడా ఎక్కువ. చెన్నైలో ఆ తేడా మొత్తం కలిపి సుమారు ఒక మీటరే, అయినా వాలు ఒడ్డు మీద మీటరు అంటే మాటలు కాదు, పొద్దున చెప్పులు విప్పిన చోట సాయంత్రం నీళ్ళుంటాయి. మనవాళ్ళు కార్తీక పౌర్ణమికి సముద్ర స్నానమని వస్తారు చూడండి, అది పోటు ఎక్కువుండే రోజు, పైగా ఈశాన్య రుతుపవనాల కాలం, బంగాళాఖాతంలో వాయుగుండాలు లేచే నెల. పుణ్యం కావాలంటే చెంబుతో తల మీద పోసుకోవడం మేలు. ఆచారంలో అదీ ఒప్పుకుంటారు.

బయల్దేరే ముందు రోజు ఇన్‌కాయిస్ (సముద్రం సమాచారం ఇచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ) సైటు చూడండి. మన హైదరాబాద్‌లోనే, ప్రగతి నగర్‌లో ఉంది ఆఫీసు. ఎత్తైన అలల హెచ్చరికలు జిల్లాల వారీగా ఇస్తారు. ఏప్రిల్, మే నెలల్లో ఇది మరీ అవసరం. ఎక్కడో దక్షిణ హిందూ మహాసముద్రంలో తుఫాను లేస్తే ఆ పొడుగాటి అలలు రోజుల తర్వాత ఇక్కడికి చేరతాయి. ఆకాశం నిర్మలంగా, గాలి లేకుండా ఉంటుంది, సముద్రం మాత్రం ఉన్నట్టుండి పైకి వస్తుంది. అల ఎత్తు 1.5 మీటర్లు దాటితే పిల్లల్ని దింపొద్దని నా లెక్క.

తాంబరం_తులసి
ఎండ: జనవరే కదా అనుకోవద్దు, గాలి చల్లగా ఉంటుంది కాబట్టి మాడేది తెలియదు. సన్‌స్క్రీన్ ఎస్‌పీఎఫ్ 30 పైన, నీళ్ళు తట్టుకునే రకం, బయటికి వెళ్ళడానికి 15 నిమిషాల ముందు రాయండి. పెద్దవాళ్ళ ఒళ్ళంతటికీ ఒకసారికి 30 మిల్లీలీటర్ల పైనే పడుతుంది. 50 మిల్లీలీటర్ల ట్యూబు ఇంటిల్లిపాదికీ వారం వచ్చిందంటే సరిగ్గా రాయలేదన్నమాట. రెండు గంటలకోసారి, నీళ్ళలోంచి వచ్చిన ప్రతిసారీ మళ్ళీ రాయాలి. చెవుల పైన, పాదాల మీద, పాపిట మర్చిపోతారు. పది గంటలకల్లా నీళ్ళలోంచి బయటికి, మళ్ళీ నాలుగు తర్వాత.

తిండి: సుండల్ (గుగ్గిళ్ళు) వేడిగా ఉంటే తినండి. కోసి పెట్టిన మామిడి ముక్కలు పిల్లలకి వద్దు. చేప వేపుడు బండి దగ్గర నూనె నల్లగా ఉంటే ముందుకి నడవండి, ఇంకో బండి ఉంటుంది.

సూళ్ళూరుపేట_లోకల్
మామయ్య గారి కోసం: మెరీనాలో రోడ్డు నుంచి నీళ్ళ దాకా ఇసుకలో చాలా దూరం. వివేకానందర్ ఇల్లం ఎదురుగా చక్రాల కుర్చీ పోయేలా చెక్క దారి వేశారు, అక్కడ దింపండి. లేదంటే బీసెంట్ నగర్, ఇసుక మేర తక్కువ, రోడ్డు పక్క గట్టు మీద కూర్చున్నా సముద్రం కనిపిస్తుంది.

ఫోన్ గురించి ఒకటి. నీళ్ళు తట్టుకుంటుందని రాసి ఉన్నా ఆ పరీక్ష మంచినీళ్ళలో చేసింది. ఉప్పునీళ్ళు పడితే మంచినీళ్ళతో తడిపి తుడిచి, పూర్తిగా ఆరే వరకు ఛార్జింగ్ పెట్టకండి. పెడితే ఛార్జింగ్ పిన్నులు తుప్పు పడతాయి. బటన్ స్టార్ట్ కారైతే తాళం జేబులో పెట్టుకుని నీళ్ళలో దిగకండి.

అలలబడి
రాత్రి బీచ్‌లో నడవాలనుకుంటే టార్చి వెయ్యొద్దు. జనవరి నుంచి ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుడ్లకి ఒడ్డెక్కే కాలం. వెలుగు చూస్తే వెనక్కి పోతాయి. నీలాంకరై నుంచి బీసెంట్ నగర్ దాకా విద్యార్థుల బృందం వారాంతం రాత్రుళ్ళు నడిపే తాబేళ్ళ నడక ఉంటుంది, 13 ఏళ్ళ అబ్బాయికి నచ్చుతుంది.

పెరంబూరు_పద్మజ
అందరికీ చాలా థాంక్స్. తేదీ ఒక రోజు తర్వాతకి జరిపాం. మెరీనాలో సూర్యోదయం, నీళ్ళలో దిగేది కోవలం హద్దు లోపల మాత్రమే, సాయంత్రం మహాబలిపురం గుళ్ళు. ఇంకో డౌటు: దారిలో మొసళ్ళ పార్కు కూడా చూపిద్దామనుకుంటున్నాం, వీలవుతుందా?

సూళ్ళూరుపేట_లోకల్
సోమవారమైతే మూసి ఉంటుంది, మిగతా రోజులు ఓకే. కోవలం దాటాకే వస్తుంది కాబట్టి ముందు స్నానాలు, షవరు, టిఫిను, తర్వాత మొసళ్ళు. తడి బట్టలకి రెండు పెద్ద ప్లాస్టిక్ కవర్లు, కారు సీట్ల మీదకి పాత దుప్పట్లు పట్టుకెళ్ళండి. ఇసుక కాళ్ళకి టాల్కం పౌడర్ చల్లి తుడిస్తే రాలిపోతుంది.